ఎంసీపీ ఇన్‌స్పెక్టర్: మా హోల్‌సేల్ కొట్టులో వాడి చూసి రాస్తున్న రివ్యూ

ఎంసీపీ ఇన్‌స్పెక్టర్ ఉచితంగా దొరికే ఓపెన్‌సోర్స్ టూల్. మన మాట విని తనే పనులు చేసిపెట్టే ఏఐ ఏజెంట్‌కి, మన సాఫ్ట్‌వేర్ గురించి ఏం చెప్పి పంపుతున్నామో ఇది చూపిస్తుంది. తమ సాఫ్ట్‌వేర్‌ని ఏఐ ఏజెంట్ చేతికి ఇవ్వాలనుకునే ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా మాలాగా చిన్న ఊళ్లో పెద్ద టీమ్ లేకుండా పని నడుపుకునేవాళ్లు, దీన్ని వాడి తీరాలి. ఎందుకో చెప్తాను. ఇది ఎక్కడ అక్కరకు రాదో కూడా చెప్తాను.

మాది ఆంధ్రా బోర్డర్‌ని ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడి. మావయ్యది కిరాణా హోల్‌సేల్ కొట్టు. లెక్కలు, కంప్యూటర్ల పని నాది. ఇటు కాశీనగర్, ఆర్.ఉదయగిరి, మోహన, గుణుపురం దాకా, అటు బోర్డర్ దాటితే పాతపట్నం, మెళియాపుట్టి, టెక్కలి దాకా మా సరుకు వెళ్తుంది. ఒకే పూటలో ఒడిశా బిల్లులూ కొడతాం, ఆంధ్రా బిల్లులూ కొడతాం. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఆమధ్య ఏఐ ఏజెంట్‌కి కనెక్షన్ ఇచ్చారు. గుమస్తా ఫోన్‌లో తెలుగులో మాట్లాడినా, ఒడియాలో మాట్లాడినా ఏజెంట్ అర్థం చేసుకుని, స్టాక్ చూసి, ఆర్డర్ రాసి, బిల్లు డ్రాఫ్ట్ తయారుచేసి పెడుతుంది. ఆలోచన నిజంగా మంచిది. మాట పట్టుకోవడంలో ఏజెంట్‌కి వంక పెట్టలేం. చిక్కంతా ఆ మాటను మా సాఫ్ట్‌వేర్‌కి అందించే చోట వచ్చింది.

మెళియాపుట్టి పార్టీ (మా దగ్గర సరుకు కొనే కొట్టువాళ్లని పార్టీ అంటాం) ఒకాయన "ఇరవయ్యారు రైస్ ఆరు పంపండి" అన్నాడు. మా లైన్‌లో ఎవరికైనా ఇది తెలుసు: 26 కేజీల బియ్యం బస్తాలు ఆరు. ఏజెంట్ మాత్రం ఆర్డర్‌లో పరిమాణం 26 అని రాసింది. సరుకు వ్యాన్‌లోకి ఎక్కించే ముందు మా పెద్ద గుమస్తా చీటీ చూసి ఆపాడు. "ఏటమ్మా ఇది, ఇరవయ్యారు బస్తాలు రాసీసింది? ఆ కొట్టులో అన్ని బస్తాలు పెట్టడానికి చోటు ఎక్కడుందీ?" అని నా దగ్గరికి తెచ్చాడు.

అప్పుడు అందరూ ఏజెంట్‌నే తిట్టారు. నాకు మాత్రం దానికి అసలు ఏం చెప్పి పంపారో చూడాలనిపించింది. ఆ చూడటానికి పనికొచ్చిందే ఇన్‌స్పెక్టర్.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. 2024 నవంబర్‌లో క్లాడ్ ఏఐని తయారుచేసే ఆంత్రోపిక్ కంపెనీ దీన్ని అందరూ వాడుకునేలా విడుదల చేసింది. తర్వాతి ఏడాది ఓపెన్‌ఏఐ వంటి కంపెనీలూ దీన్ని తీసుకున్నాయి, 2025 డిసెంబర్‌లో దీని బాధ్యత ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులు చూసుకునే లైనక్స్ ఫౌండేషన్ కిందికి వెళ్లింది. పని చేసే తీరు సులభంగానే ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్ పక్కన ఎంసీపీ సర్వర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నడుస్తుంది. ఏజెంట్ కనెక్ట్ కాగానే "నీ దగ్గర ఏమేం టూల్స్ ఉన్నాయి?" అని అడుగుతుంది. ఇక్కడ టూల్ అంటే ఏజెంట్ పిలిచి చేయించుకోగల ఒక్కో పని. సర్వర్ ఒక్కో టూల్‌కి ఒక పేరు, ఒక వివరణ, దానికి ఏయే వివరాలు ఇవ్వాలో చెప్పే ఒక స్కీమా పంపుతుంది. మన టూల్ గురించి ఏజెంట్‌కి తెలిసేది ఆ కాస్తే. మనం రాసిన కోడ్ దానికి కనపడదు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకం కనపడదు. గోడౌన్‌లో ఏ మూల ఏముందో, ఏ పార్టీ ఎలా మాట్లాడతాడో దానికి తెలియదు. కొత్తగా చేరిన కుర్రాడైతే పక్కనున్న గుమస్తాని అడిగి తెలుసుకుంటాడు. ఏజెంట్‌కి ఆ పక్క మనిషి లేడు.

ఇన్‌స్పెక్టర్ చేసే ముఖ్యమైన పని ఏమిటంటే, ఏజెంట్‌కి వెళ్లే ఆ మూడు ముక్కల్ని అచ్చంగా అలాగే తెచ్చి మన ముందు పెట్టడం. నోడ్ (జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న కంప్యూటర్‌లో ఒక్క కమాండ్ కొడితే బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుంటుంది. ఎడమవైపు సర్వర్ ఎలా నడపాలో చెప్పి కనెక్ట్ నొక్కాలి. టూల్స్ ట్యాబ్‌లోకి వెళ్లి జాబితా అడిగితే పేర్లు వరసగా వస్తాయి. ఒకదాని మీద నొక్కితే దాని వివరణ, కింద నింపాల్సిన గడులు కనిపిస్తాయి. గడులు నింపి రన్ చేస్తే జవాబు వస్తుంది. పేజీ అడుగున హిస్టరీలో అడిగినదీ వచ్చినదీ జేసన్ రూపంలో, అంటే ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి పంపుకునే రాతలో, ఉంటాయి. పైథాన్‌లో సర్వర్ రాసేవాళ్లకి అధికారిక ఎస్‌డీకే (సర్వర్ రాయడానికి ఇచ్చే కోడ్ సామగ్రి)లోనే ఇన్‌స్పెక్టర్‌ని తెరిచే కమాండ్ ఉంది కాబట్టి వేరే తంటా లేదు.

మా సర్వర్‌ని అందులో తెరిస్తే, ఆర్డర్ రాసే టూల్ వివరణ మొత్తం ఇంతే: "ఆర్డర్ తయారుచేస్తుంది." గడులు మూడు. పార్టీ, ఐటెమ్, పరిమాణం. పరిమాణం దగ్గర 'నంబర్' అని తప్ప ఒక్క ముక్క లేదు. బస్తాలా, కేజీలా, క్వింటాళ్లా? ఆ తెర చూశాక ఏజెంట్ మీద కోపం రాదు. ఆ మూడు గడులతో మా ఊరి మనిషైనా తప్పే రాస్తాడు.

మా వ్యాపారంలో బస్తా అంటే ఒక్క బరువు కాదు. పంచదార బస్తా 50 కేజీలు. బియ్యం 26 కేజీలదీ ఉంటుంది, 25దీ ఉంటుంది, 50దీ ఉంటుంది. బరువు ఒక కేజీ తేడా వస్తే పోయేదేముంది అనుకోవద్దు, పన్ను దాని మీదే ఆధారపడి ఉంది. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కేజీలు, ఆ లోపు అయితే 5 శాతం జీఎస్టీ పడుతుంది, 25 దాటితే పడదు. మన మార్కెట్లో 26 కేజీల బస్తా అంతగా వాడుకలోకి వచ్చింది అందుకే. ఈ సంగతి మా గుమస్తాల్లో ఎవరూ ఎక్కడా రాసి పెట్టుకోలేదు, అందరికీ నోటికి వచ్చు. సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో ఉండాల్సింది ఇదిగో, ఇలా అందరికీ తెలిసి ఎవరూ రాయనిదే.

అమ్మినవాళ్లు కనెక్టర్‌ని, అంటే ఆ ఎంసీపీ సర్వర్‌ని, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చారు, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి. దాన్ని పెట్టుకుని నేను టూల్ వివరణలు ఒక్కొక్కటే తిరగరాశాను. పైథాన్ ఎస్‌డీకేలో ఫంక్షన్ కింద మాటల్లో రాసే డాక్‌స్ట్రింగే టూల్ వివరణ అవుతుంది, ఏ గడిలో అంకె రావాలో అక్షరాలు రావాలో చెప్పే టైప్ హింట్లు స్కీమా అవుతాయి. కాబట్టి కోడ్ పెద్దగా కదపక్కర్లేదు, రాత మారిస్తే చాలు. ఒక వాక్యం మార్చడం, సర్వర్ మళ్లీ నడపడం, ఇన్‌స్పెక్టర్‌లో జాబితా మళ్లీ తెప్పించి చదవడం. ఈ తిరుగుడు చాలా వేగంగా సాగుతుంది, నాకు ఈ టూల్‌లో అన్నిటికంటే నచ్చింది అదే.

పరిమాణం అనే గడి తీసేసి రెండు గడులు పెట్టాను: బస్తాల సంఖ్య, ఒక్కో బస్తా బరువు కేజీల్లో. గడి పేరులోనే యూనిట్ ఉంటే వివరణ సగం తగ్గిపోతుంది. దాని కింద మా లైన్ మాట తీరు ఉదాహరణతో రాశాను: పార్టీ "26 రైస్ 6" అంటే మొదటి అంకె బస్తా బరువు, రెండోది బస్తాల సంఖ్య, రెండింట్లో ఏది ఏదో తేలకపోతే ఊహించవద్దు, గుమస్తాని అడుగు. ఈ చివరి ముక్క చాలా అవసరం. ఎప్పుడు ఆగాలో చెప్పకపోతే ఏజెంట్ ఏదో ఒకటి నింపి ముందుకు వెళ్లిపోతుంది.

ఆంత్రోపిక్ వాళ్ల సూచనల్లో ఒక్కో టూల్‌కి కనీసం మూడు నాలుగు వాక్యాల వివరణ ఉండాలని ఉంది. టూల్ ఏం చేస్తుంది, ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఒక్కో గడికి అర్థమేమిటి, జవాబులో ఏం రాదు అన్నవి చెప్పాలి. నా అనుభవంలో వీటిలో 'ఎప్పుడు వాడకూడదు' అన్నదానికే ఎక్కువ ఫలితం కనిపించింది. మా సర్వర్‌లో స్టాక్ అని పేరున్న టూల్స్ మూడున్నాయి. ఒకటి గోడౌన్‌ది, ఒకటి కౌంటర్‌ది, ఇంకొకటి నెలాఖరు రిపోర్టు. పేర్లు దాదాపు ఒకటే, వివరణలూ దాదాపు ఒకటే. కందిపప్పు ఉందా అని అడిగితే ఏజెంట్ ఒకసారి గోడౌన్ చూసేది, ఒకసారి పోయిన నెల రిపోర్టు తీసి చదివేది. ఇన్‌స్పెక్టర్ జాబితాలో మూడూ ఒకదాని కింద ఒకటి కనిపించాక, వాటి మధ్య తేడా తెలియడానికి అక్కడ ఏమీ లేదని తెలిసిపోయింది. గోడౌన్, కౌంటర్ కలిపి ఒకటే టూల్ చేసి, ఎక్కడి స్టాకో ఒక గడిలో అడిగేలా పెట్టాను. రిపోర్టు టూల్ వివరణలో "ఇవాళ్టి స్టాక్ కోసం దీన్ని వాడవద్దు" అని మొదటి వాక్యంగానే రాశాను.

పార్టీల సంగతి ఇంకా చిక్కు. వెంకటేశ్వర స్వామి పేరుతో కొట్లు మా బోర్డర్‌కి అటూ ఇటూ చాలానే ఉన్నాయి. పేరు ఒకటే అయినా బిల్లు ఒకటి కాదు. ఒడిశా పార్టీకి పన్ను ఉన్న సరుకు వేస్తే కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ చెరిసగం వెయ్యాలి. ఆంధ్రా పార్టీకైతే రాష్ట్రం దాటే అమ్మకాలకి వేసే ఐజీఎస్టీ. పన్ను ఉన్న సరుకు విలువ 50,000 రూపాయలు దాటి బోర్డర్ దాటుతుంటే రవాణాకి ఈ-వే బిల్లు తీయాలి. పాత టూల్‌లో పార్టీ గడిలో ఏ పేరు పడితే ఆ పేరు ఇవ్వొచ్చు, మొదట దొరికిన పార్టీకి బిల్లు పోతుంది. ఇప్పుడు పార్టీ కోడ్ మాత్రమే తీసుకుంటుంది. కోడ్ కావాలంటే ముందు పార్టీ వెతికే టూల్ పిలవాలని వివరణలో ఉంది. ఆ వెతికే టూల్ జవాబులో పేరుతో పాటు ఊరు, జీఎస్టీ నంబర్ ఇస్తుంది. నంబర్ మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్ అన్న సంగతి కూడా రాశాను. ఈ ఒక్క వాక్యంతో ఐజీఎస్టీ తప్పులు ఆగిపోయాయి.

తప్పు వచ్చినప్పుడు సర్వర్ ఇచ్చే మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే. ఈ సంగతి నాకు ఇన్‌స్పెక్టర్‌లో కావాలని తప్పు వివరాలు నింపి చూస్తుంటే బాగా తెలిసింది. లేని పార్టీ కోడ్ ఇస్తే మా పాత సర్వర్ 'ఎర్రర్ 400' అని ఊరుకునేది. అది చదివి ఏజెంట్ ఏం చెయ్యగలదు? అదే కోడ్‌తో మళ్లీ మళ్లీ పిలిచేది. ఎంసీపీలో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. టూల్ పని చేస్తుండగా వచ్చిన తప్పుని మామూలు జవాబులాగే పంపి, అది తప్పని ఒక గుర్తు పెట్టొచ్చు. అప్పుడు మోడల్, అంటే ఏజెంట్ వెనకున్న ఏఐ, ఆ మాటలు చదివి సరిదిద్దుకోగలదు. ఇప్పుడు మా సర్వర్ "ఈ కోడ్‌తో పార్టీ లేదు. పార్టీ వెతికే టూల్‌తో పేరు, ఊరు ఇచ్చి సరైన కోడ్ తెచ్చుకో" అంటుంది. ఆ తర్వాత ఏజెంట్ అలాగే చేస్తోంది.

జవాబు పొడవు గురించి కూడా చెప్పాలి. ఖాతా చూపించే టూల్ ఏప్రిల్ 1 నుంచి ఆ పార్టీ లావాదేవీలన్నీ ఒకేసారి కుమ్మరించేది. ఇన్‌స్పెక్టర్‌లో ఆ జవాబుని కిందికి జరుపుతూ పోతుంటే ఎంతకీ తరగలేదు. ఏజెంట్ అదంతా చదివి అసలు అడిగిన బాకీ ఎంతో మర్చిపోయినా ఆశ్చర్యం లేదు. ఆంత్రోపిక్ వాళ్ల కోడింగ్ ఏజెంట్ క్లాడ్ కోడ్ లాంటివి ఒక్కో జవాబుకి 25,000 టోకెన్లని (టోకెన్ అంటే మోడల్ చదివే చిన్న మాట ముక్క) హద్దు పెట్టుకున్నాయంటే ఈ ఇబ్బంది అందరికీ ఉన్నదే. మా టూల్ ఇప్పుడు ముందు బాకీ, చివరి కొన్ని బిల్లులు మాత్రం ఇస్తుంది. ఇంకా కావాలంటే తేదీలు ఇమ్మంటుంది. ఆ తేదీలు సంవత్సరం, నెల, రోజు వరసలోనే ఉండాలని గడి దగ్గర ఉదాహరణతో రాశాను, లేకపోతే 04/05 అన్నది ఏప్రిలో మేనో తెలియదు.

వివరణలు ఏ భాషలో రాయాలన్నది మా దగ్గర చర్చ అయింది. ప్రధాన వాక్యాలు నేను ఇంగ్లీషులోనే ఉంచాను. తెలుగు లిపి చాలా మోడల్స్‌లో ఎక్కువ టోకెన్లు తింటుంది, వివరణలు ప్రతిసారీ మోడల్‌కి వెళ్తాయి కాబట్టి అది ఖర్చే. సరుకుల పేర్లు మాత్రం కొట్టులో పలికినట్టే పెట్టాను. తెలుగులో కందిపప్పు అన్నా, ఒడియాలో హరడ డాలి అన్నా ఒకే ఐటెమ్ రావాలి. మా పర్లాకిమిడి రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారు, తెలుగు కూడా జనం మాట్లాడేట్టే రాయాలని పోరాడారు. ఆయన ఊళ్లో ఉంటూ, గుమస్తాలు ఎన్నడూ వాడని పుస్తకం పేర్లు సాఫ్ట్‌వేర్‌లో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇక లోపాలు. ఇన్‌స్పెక్టర్‌లో మోడల్ ఉండదు. అది మీ వివరణని చూపిస్తుందే తప్ప బాగుందో లేదో చెప్పదు. టూల్ నడిపేది మీరే, మీకు పరిమాణం అంటే ఏమిటో ముందే తెలుసు కాబట్టి గడి సరిగ్గానే నింపుతారు, అంతా బాగుందనిపిస్తుంది. అందుకని అసలు ఏజెంట్‌తో పరీక్ష చెయ్యక తప్పదు. నేను గుమస్తాల ఫోన్లలో నిజంగా వచ్చిన ఆర్డర్ మాటల్ని, పార్టీల పేర్లు తీసేసి, ఒక ఫైల్‌లో పెట్టుకున్నాను. వివరణ మార్చినప్పుడల్లా వాటిని ఏజెంట్‌కి ఇచ్చి, ఏ టూల్ పిలిచింది, గడుల్లో ఏం నింపింది అని చూస్తాను. ఈ పని ఇన్‌స్పెక్టర్‌లోనే కుదిరితే ఎంత బాగుండేదో.

ఇంకో సంగతి. టూల్‌కి అది చదివేదా రాసేదా, చెరిపేదా అని గుర్తులు పెట్టే ఏర్పాటు ఎంసీపీలో 2025 మార్చి వెర్షన్ నుంచి ఉంది. అవి సూచనలు మాత్రమే. 'చదవడానికి మాత్రమే' అని గుర్తు పెట్టినంత మాత్రాన ఆ టూల్ డేటాబేస్‌లో రాయకుండా ఎవరూ ఆపరు. బిల్లు రద్దు చేసే టూల్‌కి మేం గుర్తు పెట్టాం, దాంతో పాటు డేటాబేస్‌లోనే అనుమతి తీసేశాం. మావయ్య తన లాగిన్‌తో ఓకే చేస్తేనే రద్దవుతుంది. బయటివాళ్ల సర్వర్లు కలుపుకునేటప్పుడైతే వాళ్ల వివరణలు పూర్తిగా చదవాలి. వివరణలో దొంగ ఆదేశాలు దాచి ఏజెంట్‌ని దారి తప్పించే మోసాన్ని భద్రతా పరిశోధకులు 2025లోనే బయటపెట్టారు. పూర్తి వివరణ కళ్లతో చదవడానికీ ఇన్‌స్పెక్టర్ పనికొస్తుంది.

ఇన్‌స్పెక్టర్‌కే ఒక పెద్ద భద్రతా లోపం ఉండేది. 0.14.1 కంటే పాత వెర్షన్లు నడుస్తుండగా బ్రౌజర్‌లో చెడ్డ వెబ్‌సైట్ తెరిస్తే, అది మన కంప్యూటర్‌లో కమాండ్లు నడిపే అవకాశం ఉండేది. తీవ్రత 10కి 9.4 అని లెక్కగట్టారు. 2025 జూన్‌లో సరిచేశారు. ఇప్పుడు తెరిచినప్పుడల్లా ఒక టోకెన్ (ఇక్కడ రహస్య కోడ్ అని అర్థం) ఇచ్చి, అది ఉంటేనే లోపలికి రానిస్తుంది. ఆ టోకెన్ అడగకుండా చేసే సెట్టింగ్ ఒకటుంది, దాన్ని ముట్టుకోవద్దు. బిల్లింగ్ నడిచే కంప్యూటర్‌లో, అసలు డేటాతో ఇన్‌స్పెక్టర్ తెరవొద్దని కూడా నా సలహా. రన్ నొక్కితే నిజంగానే ఆర్డర్ పడుతుంది, అడిగి చెయ్యదు. డేటాబేస్ కాపీ ఒకటి వేరే కంప్యూటర్‌లో పెట్టుకుని దాని మీద చూసుకోండి.

మొదటిసారి నడిపినప్పుడు నెట్ నుంచి డౌన్‌లోడ్ అవుతుంది, మా వైపు వర్షాకాలంలో నెట్ పోతుంటుంది కాబట్టి ముందే తెచ్చి పెట్టుకోవడం మేలు. తెర అంతా ఇంగ్లీషే. ప్రోగ్రామింగ్ రాని గుమస్తా దీన్ని వాడలేడు, వాడాల్సిన పనీ లేదు. కానీ వివరణలు రాసేటప్పుడు ఆయన పక్కన ఉండాలి. మా పెద్ద గుమస్తాకి ఒక్కో టూల్ వివరణ తెలుగులో చదివి వినిపిస్తే, "బెల్లం బస్తాల్లో రాదమ్మా, దిమ్మల్లో వస్తాది" లాంటివి ఎన్నో ఆయనే చెప్పాడు.

ఇంకొక్క సదుపాయం చాలామంది గమనించరు. బ్రౌజర్ లేకుండా కమాండ్‌లైన్‌లో కూడా ఇది నడుస్తుంది. టూల్స్ జాబితా అడిగి ఆ జవాబుని ఫైల్‌గా దాచుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా నేను కొత్త జాబితా తీసి పాతదానితో పోల్చి చూస్తాను. పోయిన అప్‌డేట్‌లో బస్తా బరువు గడి చెప్పాపెట్టకుండా 'తప్పనిసరి' నుంచి 'ఐచ్ఛికం'గా మారింది. పోల్చి చూశాను కాబట్టి ఏజెంట్ చేతికి వెళ్లకముందే పట్టుకుని వెనక్కి మార్చాను.